కరెంటు పోతే ఇండక్షన్ స్టవ్ ఇంట్లో వంట ఎట్లా?

హన్మకొండ కోడలు: మేం నయీంనగర్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. గ్యాస్ లేదు, ఇండక్షన్ స్టవ్ ఒక్కటే. మొన్నటి వానకు సాయంత్రం 6 గంటలకు పోయిన కరెంటు తెల్లారి 11కు వచ్చింది. మూడేళ్ల పాప అన్నం అన్నం అని ఏడిస్తే బిస్కెట్లు తినిపించి పండబెట్టాను. ఇన్వర్టర్ మీద ఇండక్షన్ నడుస్తుందా? ఫ్రిజ్‌లో పాలు, పప్పు ఉండిపోయాయి, వాడొచ్చా? మళ్లీ మబ్బు పడితే చాలు, టెన్షన్ మొదలవుతోంది.

ములుగు అత్తమ్మ: బిడ్డా, మాది వెంకటాపూర్ మండలం. 2023 జూలైలో మా మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు. అప్పటి నుంచి మబ్బు కమ్మగానే నేను చేసే మొదటి పని గిన్నప్ప కాల్చడం. మీ దిక్కు సర్వపిండి అంటారేమో. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, కారం వేసి గట్టిగా కలిపి, గిన్నెకు పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి సన్న మంట మీద కాల్చాలి. మందంగా అద్దితే లోపల పచ్చి ఉండిపోతుంది. తెల్లారి కూడా బాగుంటుంది. మీ ఇండక్షన్ మీద కరెంటు ఉండగానే చేసి పెట్టుకోండి, కాకపోతే అడుగు సమంగా ఉన్న గిన్నె కావాలి.

పొయ్యే లేకపోతే అటుకులు కడిగి పెరుగులో నానబెట్టి, అరటిపండు పిసికి పాపకు పెట్టండి. పుట్నాలు, బెల్లం రోట్లో దంచి ముద్ద చేసినా తింటుంది.

కాజీపేట ఎలక్ట్రీషియన్: అక్కా, ఇళ్లలో ఎక్కువగా ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే. ఇండక్షన్ ఫుల్లులో పెడితే 2000 వాట్ల దాకా లాగుతుంది, నడవదు. 5 కిలోల చిన్న సిలిండర్, ఒక పొయ్యి తెచ్చిపెట్టుకోండి. ఫ్రిజ్ తలుపు తెరవకుంటే 4 గంటల దాకా చల్లదనం ఆగుతుంది. 17 గంటలంటే పాలు, పప్పు పారబోయండి, వాసన రాకున్నా సరే. ఇంకోటి, బొగ్గుల కుంపటి ఇంట్లో అస్సలు వెలిగించొద్దు. వాన జల్లుకని తలుపులు మూస్తాం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పానం పోతుంది.

హన్మకొండ కోడలు: రెండూ పారబోశాను. సిలిండర్ సంగతి రేపే కనుక్కుంటాం. అత్తమ్మా, గిన్నప్ప పాప తినగలదా?

ములుగు అత్తమ్మ: తింటుంది. కారం తగ్గించు. పల్లీలు మాత్రం మెత్తగా దంచి వెయ్యి, పలుకులుంటే గొంతులో అడ్డం పడతాయి.