క్రోమ్‌బుక్‌లో లినక్స్: ఆర్‌డబ్ల్యూ లెగసీ చాలా, ఫుల్ రోమ్ వెయ్యాలా?

ప్రశ్న:
ఇంటెల్ క్రోమ్‌బుక్, 4 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉండే స్టోరేజ్). క్రోమ్ ఓఎస్ అప్‌డేట్లు ఆగిపోయాయి. లినక్స్ వేద్దామని డెవలపర్ మోడ్‌లో మిస్టర్‌క్రోమ్‌బాక్స్ స్క్రిప్ట్ (క్రోమ్‌బుక్ ఫర్మ్‌వేర్ మార్చే టూల్) నడిపితే ఆర్‌డబ్ల్యూ లెగసీకి (పాత ఫర్మ్‌వేర్‌ని ఉంచి, వేరే ఓఎస్ బూట్ చేసే భాగాన్ని మాత్రమే మార్చడం) ఒప్పుకుంటోంది, యూఈఎఫ్‌ఐ ఫుల్ రోమ్‌కి (ఫర్మ్‌వేర్ మొత్తం మార్చెయ్యడం) మాత్రం హార్డ్‌వేర్ రైట్ ప్రొటెక్ట్ (ఫర్మ్‌వేర్ మీద రాయనివ్వని తాళం) అడ్డమంటోంది. మూత విప్పి చూశాను, ఆ తాళం తీసే స్క్రూ ఎక్కడా లేదు. ఏం చెయ్యాలి?

జవాబు 1:
అప్‌డేట్లు లేని మెషీన్‌కి చివరికి ఫుల్ రోమే. లెగసీలో ప్రధాన ఫర్మ్‌వేర్ జోలికి పోం కాబట్టి భయం లేదు. కానీ బూట్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర, కంట్రోల్+ఎల్ తప్పవు. తెలియనివాళ్ళు ఆ తెర చెప్పినట్టే స్పేస్, ఎంటర్ కొట్టారా, డెవలపర్ మోడ్ పోతుంది, లినక్స్ బూట్ అవదు.

స్క్రూ లేదంటే సీఆర్50 చిప్ (గూగుల్ సెక్యూరిటీ చిప్) ఉన్న మోడల్ అయ్యుంటుంది. అందులో బ్యాటరీ కనెక్ట్ అయి ఉన్నంతసేపూ రైట్ ప్రొటెక్ట్ ఆన్‌లోనే ఉంటుంది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ ముక్కతో లేపండి, వైర్లు పట్టి లాగొద్దు. మూత పెట్టి ఛార్జర్ మీదే ఆన్ చెయ్యండి. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 కొట్టి, క్రోనోస్ (chronos) అనే యూజర్‌గా లాగిన్ అయ్యి, క్రాస్‌సిస్టమ్ (crossystem) కమాండ్‌లో రైట్ ప్రొటెక్ట్ స్థితి చూపే డబ్ల్యూపీఎస్‌డబ్ల్యూ_కర్ (wpsw_cur) చూడండి. 0 రావాలి. ఇప్పుడు బ్యాటరీ లేదు కదా, ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ రాయడం) మధ్యలో కరెంటు పోతే మెషీన్ ఇటుకే, ఇక ఆన్ అవదు. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి.

జవాబు 2:
పాత ఫర్మ్‌వేర్ బ్యాకప్ యూఎస్‌బీలో పెట్టాలా అని స్క్రిప్ట్ అడుగుతుంది. వద్దనకండి. సీరియల్ నంబర్, హెచ్‌డబ్ల్యూఐడీ (హార్డ్‌వేర్ గుర్తింపు కోడ్) అందులోనే ఉంటాయి, అదే మోడల్ ఇంకో మెషీన్ ఫైల్ తెచ్చి వేస్తే అవి మీవి కావు.

ఇటుకైతే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (ఫర్మ్‌వేర్ చిప్ మీద నేరుగా రాసే యూఎస్‌బీ పరికరం), 8 పిన్నుల క్లిప్ కావాలి. ముందు చిప్ మీది నంబర్ చదివి వోల్టేజ్ తేల్చుకోండి: 1.8 వోల్టుల చిప్‌కి అడాప్టర్ లేకుండా 3.3 ఇస్తే చిప్ కాలిపోవచ్చు. సీఆర్50 ఉంటే సుజీక్యూ అనే ప్రత్యేక డీబగ్ కేబుల్‌తోనూ రాయొచ్చు, అయితే మామూలు టైప్-సీ కేబుల్ దానికి బదులు పనికిరాదు.

ప్రశ్నించినవారు:
బ్యాటరీ తీశాక 0 వచ్చింది. ఫుల్ రోమ్ వేస్తే సౌండ్ పనిచేస్తుందా?

జవాబు 3:
ఫర్మ్‌వేర్ వల్ల డ్రైవర్లు రావు. ఈ మెషీన్లలో చాలావాటికి సౌండ్ చిప్ ఐ2ఎస్ (చిప్‌ల మధ్య ఆడియో పంపే లైను) మీద ఉంటుంది. ఎస్‌ఓఎఫ్ ఫర్మ్‌వేర్ (సౌండ్ ప్రాసెసర్‌ది), యూసీఎం ఫైళ్ళు (స్పీకర్, మైక్ సెట్టింగులు) లేకపోతే సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' అని మాత్రమే కనిపిస్తుంది. క్రోమ్‌బుక్-లినక్స్-ఆడియో స్క్రిప్ట్ ఉన్నది వాటికోసమే. మొదట మీ బోర్డ్ పేరు, అంటే మార్కెట్ పేరు కాదు, లోపలి కోడ్‌నేమ్, అందులో ఉందేమో చూసుకోండి.

తొందరపడి ఫుల్ రోమ్ వేసేయకండి. ముందు లెగసీ వేసి, కొత్త కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో టచ్‌ప్యాడ్, వైఫై, సస్పెండ్ పరీక్షించండి. పై వరుస కీలు తికమక పడితే కీడీతో (కీల పని మార్చే ప్రోగ్రామ్) సర్దుకోవచ్చు, అది చిన్న విషయం. సస్పెండ్ నుంచి లేవకపోతే మాత్రం ఇక్కడే ఆగి ఆలోచించండి. అన్నీ సరిపోతేనే ఫుల్ రోమ్. 32 జీబీలో స్వాప్ పార్టిషన్‌కి చోటు దండగ, జడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే డేటాని కుదించి స్వాప్‌గా వాడే పద్ధతి) పెట్టుకోండి.