కాంటో ఓస్టినాటో: అది సిమియోన్ టెన్ హోల్ట్ సంగీతమా, వాయించేవాళ్ళదా?

రాత్రి రేడియో:
డచ్ పియానిస్టు, స్వరకర్త సిమియోన్ టెన్ హోల్ట్ రాసిన ‘కాంటో ఓస్టినాటో’ నిన్న రాత్రి మొత్తం విన్నాను. నాలుగు పియానోలు, గంటకు పైగా. అప్పటి నుంచి ఒక ప్రశ్న బుర్ర తొలుస్తోంది. 1976 నుంచి 1979 దాకా రాసిన ఈ రచనలో 106 ఖండికలున్నాయి. వాటిలో చాలావాటిని ఎన్నిసార్లు వాయించాలో ఆయన చెప్పలేదు. గట్టిగానా, మెల్లగానా అన్నది కూడా వాయించేవాళ్ళ ఇష్టమే. అన్నీ వాళ్ళే తేల్చుకుంటే స్వరకర్త చేసిందేమిటి? నాకైతే ఇది సగం రాసి వదిలేసిన పనిలా ఉంది. కాదంటారా?

ఖండగతి:
కాదంటానండి. బల్ల మీద వేళ్ళతో ఐదు దెబ్బలు వేయండి: తకతకిట. ఆగకుండా ఇంకో ఐదు. ఇక ఆపకండి. రెండు నిమిషాలు తిరక్కుండానే చెయ్యి నాలుగుకో ఆరుకో జారిపోవాలని చూస్తుంది. నేను మృదంగం నేర్చుకునే రోజుల్లో ఈ ఐదు దగ్గరే ఏడ్చాను. టెన్ హోల్ట్ రచన ఈ ఐదుల మీదే నడుస్తుంది, జారనివ్వదు. ఓస్టినాటో అంటే ఇటాలియన్‌లో మొండి అని అర్థం. ఆ మొండి పట్టు ఆయన రాసిందే కదా.

మధ్యమావతి:
మనకు నెరవల్ లేదా? త్యాగరాజ కృతిలో ఒక్క పంక్తి పట్టుకుని గాయకురాలు పావుగంట పాడినా అది త్యాగరాజుదే అంటాం.

రాత్రి రేడియో:
ఆ పోలిక కుదరదక్కా. నెరవల్‌లో పాడేవాళ్ళు కొత్తది పుట్టిస్తారు. ఇక్కడ కాగితం మీదున్న స్వరాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ఖండగతి:
స్వరాలు ఆయనవే అని మీరే ఒప్పుకున్నారు చూడండి!

మధ్యమావతి:
సరే తమ్ముడూ, పోలిక వదిలేస్తాను. ఆయన బతుకు వైపు నుంచి చూడు. 1923లో ఉత్తర హాలండ్‌లోని బెర్గెన్‌లో పుట్టారు. తండ్రి చిత్రకారుడు. అదే ఊళ్ళో ఉన్న యాకోబ్ వాన్ డొమ్సెలార్ దగ్గర పియానో నేర్చుకున్నారు. చిత్రకారుడు మోండ్రియాన్ ప్రభావంతో పియానో రచనలు చేసినాయన ఈ డొమ్సెలార్. తర్వాత పారిస్‌లో స్వరకర్తలు ఓనెగెర్, మియో దగ్గర చదువు. 1960ల్లో ప్రతి స్వరాన్నీ ముందే లెక్కగట్టి బిగించే సీరియల్ పద్ధతిలో రాశారు. ఎలక్ట్రానిక్ సంగీతమూ చేశారు. అంటే పగ్గాలు బిగించడం పూర్తిగా తెలిసిన మనిషి. ఆ మనిషి యాభై దాటాక పియానో ముందు కూర్చుని, చెవికి ఇంపైన స్వరాల దగ్గరికి తిరిగొచ్చి, పగ్గాలు వదిలారు. చేతకాక వదలడం వేరు, అన్నీ పట్టుకుని చూశాక వదలడం వేరు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఐండ్‌హోవెన్ వాసి:
నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ కాంటోకి పడుకుని వినే కచేరీలు కూడా పెడతారు, పరుపు మనమే తీసుకెళ్ళాలి. నేను వెళ్ళిన రోజు పియానోలకు దగ్గర్లో చోటు దొరికింది. ఒకే ఖండిక ఎంతసేపు తిరిగిందో తెలీదు. ఒకామె తల పైకెత్తి ఎదుటి పియానో అతన్ని చూసి చిన్నగా ఊపింది. అంతే, అందరూ తర్వాతి ఖండికలోకి వెళ్ళారు. 74వ ఖండికలో అసలు బాణీ వస్తుంది. అప్పటిదాకా నా పక్కన పాదంతో లెక్క వేస్తున్న పెద్దావిడ అక్కడ లెక్క ఆపేసింది.

అందుకే నా గొడవ వేరు. ఒక్కరే వాయించి రికార్డు చేసిన కాంటోలు చాలా వచ్చాయి. ఆ తల ఊపు లేకుండా అది కాంటో ఎలా అవుతుంది?

రాత్రి రేడియో:
ఆ తల ఊపు సంగతి నాకు తెలీదు. సగం పని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి వదలను: పోస్టర్ మీద వాయించేవాళ్ళ పేర్లు స్వరకర్త పేరంత పెద్దగా ఉండాలి.

ఖండగతి:
దానికి నేనూ సరే. ఐండ్‌హోవెన్ గారూ, మీతో మాత్రం ఒప్పుకోను. 1979లో బెర్గెన్‌లో మొదటిసారి వాయించినప్పుడే మూడు పియానోలు, ఒక ఎలక్ట్రిక్ ఆర్గన్. ఆ తర్వాత హార్ప్ మీదా, చర్చి ఆర్గన్ మీదా వాయించారు. ఇంతమందే ఉండాలని గిరి గీయని రచనకు మనం గీయడమెందుకు? ఒక్కరే ఉన్నప్పుడు కుడి చేయి ఎడమ చేతికి తల ఊపుతుందనుకోండి.

ఐండ్‌హోవెన్ వాసి:
చేతులు రెండూ ఒకే మనిషివి కదండీ. ఎదుటివాళ్ళు ఎప్పుడు కదులుతారో తెలియని ఆ టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?