ఈవ్ ఆన్‌లైన్ సోలో ఫైట్: కెస్ట్రెల్ దూరం నుంచే కొడుతుంటే మెర్లిన్‌తో ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్తే. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష నౌకల ఆటలో ఇన్నాళ్లూ మైనింగ్, మిషన్లు చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు సోలో పీవీపీలోకి, అంటే ఒంటరిగా వేరే ఆటగాళ్లతో పోరుకు దిగాను. ఫ్రీ ఆల్ఫా అకౌంటే. ఆటలోని కాల్దారి వర్గం మిలీషియాలో చేరి తామా అనే నక్షత్ర వ్యవస్థ చుట్టుపక్కల లో-సెక్‌లో (పోలీసు రక్షణ తక్కువున్న ప్రాంతంలో) తిరుగుతున్నాను. షిప్ మెర్లిన్ అనే చిన్న ఫ్రిగేట్. బ్లాస్టర్లు (దగ్గరి గన్స్), మైక్రోవార్ప్‌డ్రైవ్ (వేగం బాగా పెంచేది), స్క్రాంబ్లర్ (ఎదుటివాడు వార్ప్ కొట్టి పారిపోకుండా పట్టేది, స్క్రామ్ అంటాం), వెబ్ (వేగం తగ్గించేది), ఒక షీల్డ్ ఎక్స్‌టెండర్.

దగ్గరికొచ్చి కొట్లాడేవాళ్లతో ఇబ్బంది లేదు, గెలుస్తున్నాను కూడా. ప్లెక్స్ (మిలీషియాలు పోటీపడే చిన్న యుద్ధస్థలం) లోపల కెస్ట్రెల్ అనే మిసైల్ షిప్ ఉంటేనే సమస్య. నేను లోపల దిగేసరికి అది 20 కిలోమీటర్ల అవతల ఉంటుంది. డ్రైవ్ ఆన్ చేసి నేరుగా దాని మీదికి పోతాను. మిసైళ్లు పడుతూనే ఉంటాయి, స్క్రామ్ అందకముందే షీల్డ్ అయిపోతుంది. మా ఇంట్లో పింగ్ 150 దాటుతుంది. ఇది పింగ్ సమస్యా, ఫిట్టింగ్ (షిప్‌లో పెట్టిన పరికరాల) సమస్యా? షిప్ మార్చాలంటే ఏది తీసుకోమంటారు?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

తమ్ముడూ, ముందు పింగ్ గురించి టెన్షన్ వదిలెయ్. ఈవ్ సర్వర్ ట్రాంక్విలిటీ లండన్‌లో ఉంది కాబట్టి మనకు పింగ్ ఎక్కువే వస్తుంది. కానీ ఈ ఆటలో సర్వర్ సెకనుకోసారి లెక్క వేస్తుంది. నీ ఆర్డర్ ఆ సెకనులోపు అక్కడికి చేరితే చాలు. తుపాకీ ఆటల్లో 150 పింగ్ ప్రాణం తీస్తుంది గానీ, ఇక్కడ పాలమూరులో కూర్చుని ఆడినా లండన్‌లో కూర్చుని ఆడినా దాదాపు ఒకటే.

షిప్ మార్చే పని కూడా లేదు. నాలుగు మిడ్ స్లాట్లు (పరికరాలు పెట్టే చోట్లు) ఉన్న మెర్లిన్ కొత్తవాళ్లకు చాలా మంచి షిప్. నువ్వు చూడాల్సింది దూరాలు. టీ2 (మెరుగైన రకం) స్క్రాంబ్లర్ 9 కిలోమీటర్లు అందుతుంది, టీ1 (మామూలు రకం) అయితే 7.5. వార్ప్‌ను మాత్రమే ఆపే డిస్రప్టర్ టీ2 అయితే 24 కిలోమీటర్లు, టీ1 అయితే 20. యాంటీమ్యాటర్ గుండ్లు వేసిన చిన్న బ్లాస్టర్లు మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే పెద్దగా తగలవు. అంటే నీ బలమంతా 9 కిలోమీటర్ల లోపలే. కెస్ట్రెల్‌లో లైట్ మిసైళ్లు పెట్టుకున్నవాడు నిన్ను 10కి, 24కి మధ్య ఉంచడానికే ఆ ఫిట్టింగ్ కట్టాడు. ఒక్కసారి నీ స్క్రామ్ పడిందా, అతని మైక్రోవార్ప్‌డ్రైవ్ ఆగిపోతుంది. వెబ్ కూడా వేశావంటే ఇక ఎక్కడికీ పోలేడు. అందుకే అతను నిన్ను దగ్గరికి రానివ్వడు.

ఇప్పుడు ప్లెక్స్ ఎలా పనిచేస్తుందో చూడు. యాక్సిలరేషన్ గేట్ (ప్లెక్స్‌లోకి తీసుకెళ్లే ద్వారం) పట్టుకుని లోపలికి వెళ్లినవాడు బీకన్ (లోపలి గుర్తు) దగ్గరే దిగుతాడు. ఆ సంగతి లోపలున్నవాడికి ముందే తెలుసు. తనకు నచ్చిన దూరంలో నిలబడి నీకోసం చూస్తుంటాడు. నువ్వు గేట్ నొక్కిన క్షణంలోనే సగం ఫైట్ అతని చేతికి ఇచ్చేస్తున్నావు.

కాబట్టి ముందు నువ్వు లోపల ఉండు. ఖాళీ ప్లెక్స్ చూసి దూరి, బీకన్ పక్కనే ఆగు. అప్పుడు వచ్చేవాడు ఏ షిప్ అయినా నీ స్క్రామ్ రేంజ్‌లోనే దిగుతాడు. కబడ్డీలో డిఫెండర్లు రైడర్ వెంట పడరు, లోతుకు రానిచ్చి పట్టుకుంటారు. బ్లాస్టర్ మెర్లిన్ పని కూడా అదే.

లోపల ఇప్పటికే ఎవరో ఉన్నారనుకో, గేట్ దగ్గర ఆగి డైరెక్షనల్ స్కాన్ కొట్టు. దాని రేంజ్ 14.3 ఏయూ దాకా ఉంటుంది (ఒక ఏయూ అంటే భూమికి, సూర్యుడికి మధ్య దూరం). యాంగిల్ 5 డిగ్రీలకు తగ్గించి ప్లెక్స్ వైపు తిప్పితే లోపల ఏ షిప్ ఉందో తెలిసిపోతుంది. లోకల్ చాట్‌లో పేరు చూసి జెడ్‌కిల్‌బోర్డ్‌లో (పోయిన షిప్‌ల చిట్టా ఉండే వెబ్‌సైట్) అతను ఈ మధ్య పోగొట్టుకున్న కెస్ట్రెల్ ఫిట్టింగ్ తెరువు. చాలామంది ఒకే ఫిట్టింగ్ మళ్లీ మళ్లీ కొంటారు. రాకెట్లు ఉంటే దగ్గరి ఫైట్, ధైర్యంగా లోపలికి పో. లైట్ మిసైళ్లు, డిస్రప్టర్ కనపడితే ఆ ప్లెక్స్ వదిలేసి ఇంకోటి చూసుకో. వదిలేయడం కూడా సోలో ఆటలో పెద్ద విద్యే. లో-సెక్‌లో ఎదుటివాడు పదిహేనేళ్లుగా ఆడుతున్నవాడై ఉండొచ్చు, ఈ ఆట 2003 నుంచి నడుస్తోంది మరి.

జవాబు (నల్లగొండ నుంచి)

అన్న చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక మాట. బీకన్ దగ్గర కాచుకుని కూర్చునేవాడికి మైక్రోవార్ప్‌డ్రైవ్ ఎందుకు? వేగం అంతగా పెంచని ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకోమనండి. స్క్రామ్ పడినా ఆఫ్టర్‌బర్నర్ ఆగదు. పైగా మైక్రోవార్ప్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే సిగ్నేచర్ (సెన్సర్లకు షిప్ కనపడే సైజు) ఆరింతలు అవుతుంది. మిసైల్‌కు గన్ లాగా ట్రాకింగ్ లేదు, టార్గెట్ వేగం, సిగ్నేచర్ మాత్రమే చూస్తుంది. ఈ తమ్ముడు డ్రైవ్ ఆన్ చేసుకుని పోతున్నాడు కాబట్టే ప్రతి మిసైలూ నిండుగా తగులుతోంది.

మళ్లీ మహబూబ్‌నగర్

ఈ మాట నిజం. ప్లెక్స్‌లో కూర్చుని ఆడతానంటే ఆఫ్టర్‌బర్నరే మేలు. కాకపోతే దాంతో బయట గేట్ల దగ్గర, ఆస్టరాయిడ్ బెల్టుల దగ్గర ఎవరినీ పట్టుకోలేవు, తప్పించుకోవడం కూడా కష్టం. నా సలహా, రెండు ఫిట్టింగులూ సేవ్ చేసి పెట్టుకో. మాడ్యూల్ ఒక్కటే కదా తేడా.

మళ్లీ ప్రశ్న (మిర్యాలగూడ)

ధన్యవాదాలు అన్నా. ఒకవేళ మైక్రోవార్ప్‌డ్రైవ్ ఫిట్టింగ్‌తోనే ఉండి, బయట ఎక్కడో కెస్ట్రెల్ డిస్రప్టర్ వేసి పట్టేసిందనుకోండి. అప్పుడు ఏం చేయాలి? వార్ప్ కూడా కాదు కదా.

జవాబు (మహబూబ్‌నగర్)

అప్పుడు అతని వైపు పోవద్దు, వెనక్కి పరుగెత్తు. దీన్ని స్లింగ్‌షాట్ అంటారు. నిదానంగా చదువు, ఇది చేతికి అలవాటు కావాలి.

ఆర్బిట్, అప్రోచ్ బటన్లు ముట్టుకోకు. అతనికి సరిగ్గా ఎదురు దిక్కున ఖాళీ అంతరిక్షంలో డబుల్ క్లిక్ చేయి, షిప్ అటు తిరుగుతుంది. డ్రైవ్ ఆన్ చెయ్. నువ్వు 24 కిలోమీటర్లు దాటితే అతని పాయింట్ (డిస్రప్టర్ పట్టు) ఊడిపోతుంది, కాబట్టి నీ వెంట పడక తప్పదు. ఇప్పుడు అతని వేగమంతా నీ వైపే ఉంది. ఓవర్‌వ్యూలో (చుట్టూ ఉన్న షిప్‌ల జాబితాలో) అతని వేగం కాలమ్ చూడు. అది గరిష్ఠానికి చేరగానే వెనక్కి, నేరుగా అతని మీదికి డబుల్ క్లిక్ చేయి. అదే క్షణంలో డ్రైవ్‌నీ, స్క్రామ్‌నీ ఓవర్‌హీట్ (కాసేపు అదనపు బలం) పెట్టు, షిఫ్ట్ పట్టుకుని మాడ్యూల్ మీద క్లిక్ చేస్తే చాలు. ఓవర్‌హీట్‌లో 9 కిలోమీటర్ల స్క్రామ్ 10.8 దాకా అందుతుంది. దీనికి థర్మోడైనమిక్స్ స్కిల్ కావాలి, మొదటి లెవెల్ అయినా వెంటనే నేర్చుకో.

ఫ్రిగేట్ అయినా తిరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అతని షిప్‌కీ అంతే. ఇద్దరూ ఎదురెదురుగా వస్తుంటే సెకనుకు నాలుగైదు కిలోమీటర్ల దూరం కరిగిపోతుంది. అతను తేరుకుని పక్కకు తిప్పేలోపే నీ స్క్రామ్ పడాలి, అందుకే స్క్రామ్ కీ నొక్కుతూనే ఉండు. పడగానే వెబ్, తర్వాత గన్స్.

అతను తెలివైనవాడై నీ వెంట రాలేదనుకో, అదీ నీకు మంచిదే. 24 దాటిపోతావు, వార్ప్ కొట్టి వెళ్లిపో.

ఇంకో విషయం. గన్స్ ఉన్న షిప్ మీదికి ఎప్పుడూ నేరుగా పోకు. నేరుగా పోతే ట్రాన్స్‌వర్సల్ (అడ్డంగా కదిలే వేగం) సున్నా అవుతుంది, ప్రతి గుండూ తగులుతుంది. కొంచెం పక్కకు కోసుకుంటూ వంపుగా వెళ్లు. మిసైళ్లకు మాత్రం ఈ వంపుతో ఉపయోగం లేదు.

జవాబు (వనపర్తి నుంచి)

తమ్ముడూ, అన్న వేగం కాలమ్ చూడమన్నారు. మొదట్లో ఓవర్‌వ్యూలో అది ఉండకపోవచ్చు. ఓవర్‌వ్యూ సెట్టింగ్స్‌లో కాలమ్స్ దగ్గరికి వెళ్లి వెలాసిటీ, ట్రాన్స్‌వర్సల్, డిస్టెన్స్ ఆన్ చేసుకో. ఇవి లేకుండా దూరం అంచనా వేయడం ఎవరికైనా కష్టమే.

రెండోది కరెంటు. మన దగ్గర వానాకాలం గాలిదుమారం లేస్తే ఎప్పుడు పోతుందో తెలియదు. ఫైట్‌లో ఉండగా నెట్ తెగితే పీవీపీ టైమర్ వల్ల షిప్ 15 నిమిషాలు అంతరిక్షంలోనే ఉండిపోతుంది. పాయింట్ వేసి ఉంటే వార్ప్ కూడా కాదు. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా రౌటర్ ఆగిపోతే అంతే సంగతులు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ దొరుకుతుంది, తెచ్చి పెట్టుకో.

అలాగే కాల్పులు మొదలుపెట్టాక చివరి షాట్ నుంచి 60 సెకన్ల దాకా గేట్ దూకలేవు, స్టేషన్‌లో డాక్ కాలేవు. గేట్ పక్కనే ఉన్నాను కదా, పారిపోవచ్చు అనుకుని కొట్లాట మొదలుపెట్టొద్దు. షిప్ పోతుందనిపిస్తే ముందే ఒక గ్రహాన్ని సెలెక్ట్ చేసుకుని వార్ప్ నొక్కుతూ ఉండు. లో-సెక్‌లో బబుల్స్ (వార్ప్‌ను ఆపే వలలు) పనిచేయవు కాబట్టి పాడ్ (షిప్ పోయాక పైలట్ మిగిలే గుళిక) దాదాపు ఎప్పుడూ బయటపడుతుంది.

మళ్లీ ప్రశ్న (మిర్యాలగూడ)

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. చివరి సందేహం. నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, పొద్దున్నే వెళ్లాలి. రాత్రి 8, 9 గంటలకు లాగిన్ అయితే తామాలో సోలోగా తిరిగేవాళ్లు తక్కువ, గ్యాంగులే తగులుతున్నాయి. ఏ టైమ్ మంచిది?

జవాబు (మహబూబ్‌నగర్)

ఈవ్ గడియారం యూటీసీ. రోజూ 11:00కు, అంటే మనకు సాయంత్రం 4:30కు, డౌన్‌టైమ్ (సర్వర్ ఆపే సమయం). యూరప్‌వాళ్లు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి మనకు రాత్రి 11 దాటుతుంది, రద్దీ అప్పుడే. ఉద్యోగం ఉన్నవాడివి, రోజూ అంతవరకు మేల్కోకు. ఆదివారం మధ్యాహ్నం నుంచి డౌన్‌టైమ్ దాకా ఆడు. యూరప్‌లో అప్పుడే నిద్ర లేస్తారు, గ్యాంగులు ఇంకా కూడవు, ఒంటరిగా తిరిగేవాళ్లు దొరుకుతారు. తామాలో పక్క వ్యవస్థ నౌర్వుకైకెన్ వైపు గేట్ దగ్గర మాత్రం కాపు కాస్తుంటారు. దూకాక గేట్ క్లోక్ (ఎవరికీ కనపడకుండా ఉండటం) 60 సెకన్లు ఉంటుంది, కదలకుండా చుట్టూ చూసుకుని తర్వాత బయలుదేరు.

స్లింగ్‌షాట్ చదివితే రాదు. శనివారం రాత్రి 9:30కు జిటా వ్యవస్థ పక్కనున్న పెరిమీటర్‌కు రా. హై-సెక్‌లో (పోలీసు రక్షణ ఉన్న ప్రాంతంలో) డ్యూయల్ రిక్వెస్ట్ ఒప్పుకుంటే కాంకార్డ్ (ఆటలోని పోలీసు) అడ్డు రాదు. నేను లైట్ మిసైల్ కెస్ట్రెల్ తెస్తాను, నువ్వు మైక్రోవార్ప్‌డ్రైవ్ మెర్లిన్ తీసుకురా. 20 కిలోమీటర్ల నుంచి మొదలుపెడదాం, ఎవరి షీల్డ్ పోయినా ఆపేసి రిపేర్ చేసుకుని మళ్లీ మొదలుపెడదాం. ఓవర్‌వ్యూ కాలమ్స్ మాత్రం అక్క చెప్పినట్టు ముందే పెట్టుకునిరా.