అప్‌డేట్: టొరంటోనా, కాల్గరీనా? తేలిపోయింది

కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది, ఇద్దరు పిల్లలతో టొరంటో వెళ్లాలా, కాల్గరీ వెళ్లాలా అని అడిగాను కదా. కాల్గరీకే ఫిక్సయ్యాం.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో చాలా వస్తువులపై 13 శాతం పన్ను, కాల్గరీ ఉన్న అల్బర్టాలో 5 శాతమే అని మీలో కొందరు చెప్పారు. నిజమే, కానీ నన్ను ఒప్పించింది అద్దెలు. ప్రభుత్వ స్కూలు ఇంటి అడ్రస్‌ను బట్టి వస్తుంది కాబట్టి ముందు స్కూలు చూసుకుని, ఆ చుట్టుపక్కలే ఇల్లు వెతుకుతున్నాం.

చలి సంగతంటారా, మైనస్ 30 అనగానే మా అమ్మకు కూకట్‌పల్లిలోనే వణుకు మొదలైంది! మధ్యమధ్యలో చినూక్ అనే వెచ్చటి గాలి వీస్తే కొన్ని గంటల్లోనే వాతావరణం మారిపోతుందని చెప్పినా నమ్మట్లేదు.

నేను ముందు వెళ్తున్నా. పిల్లల పరీక్షలయ్యాక మా ఆవిడ వాళ్లను తీసుకొస్తుంది. ప్రెషర్ కుక్కర్ ఎవరి సూట్‌కేసులో పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.