కొత్త కుటుంబాలతో బాణసంచా ప్రదర్శనకు: కార్యకర్తల పనుల గురించి

కార్యకర్తలందరికీ నమస్కారం. ఈసారి సెలవుల్లో మన సంఘం తరఫున, ఇక్కడికి కొత్తగా వచ్చిన కుటుంబాలను బాణసంచా ప్రదర్శనకు తీసుకువెళ్ళాలని అనుకున్నాం కాబట్టి, పనులు పంచుకునే ముందు నా అభిప్రాయం కాస్త వివరంగా రాస్తున్నాను. ఊరు కొత్తయిన కుటుంబానికి ఫలానా మైదానంలో ప్రదర్శన ఉందన్న ఒక్క మాట సరిపోదు. ఎప్పుడు బయలుదేరాలో, కారు ఎక్కడ పెట్టాలో, చంటిబిడ్డతో ఎక్కడ కూర్చోవాలో, అంత రాత్రివేళ ఇంటికి ఎలా చేరాలో తెలియకనే చాలామంది గడప దాటరు. మనం తీర్చవలసిన లోటు ఇదే.

ముందుగా సమాచారం సంగతి. ఇంటర్నెట్‌లో వెతికితే పాత ప్రకటనలు కూడా కలిసి కనిపిస్తాయి; వాటిలో తేదీ ఉంటుంది గాని ఏ సంవత్సరానిదో ఉండదు. అందువల్ల నగరపాలక సంస్థ వెబ్‌సైటు, గ్రంథాలయంలోని నోటీసు బోర్డు, స్థానిక పత్రిక, పిల్లల బడి నుంచి వచ్చే ప్రకటనలు చూసిన తరువాత, నిర్వాహకులకే ఫోను చేసి ఖాయం చేసుకోవాలి. ప్రవేశం ఉచితమా, టికెట్లు ముందే తీసుకోవాలా, వాన పడితే మరో తేదీ ఉందా అని తప్పక అడగాలి. గాలి బలంగా వీచినా, గడ్డి ఎండిపోయి నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నా చివరి గంటలో రద్దు చేస్తారు. కొన్నిచోట్ల బాణసంచాకు బదులు డ్రోన్లతో ప్రదర్శన జరుగుతోంది. అదీ చూడదగినదే, కానీ పిల్లలకు ముందే చెప్పకపోతే ఎంతో నిరాశపడతారు.

భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో వేసవిలో పూర్తిగా చీకటి పడేసరికి రాత్రి 10 గంటలు దాటవచ్చన్నది కొత్తవారికి సులభంగా తట్టదు. కాబట్టి మైదానం తలుపులు తెరిచే సమయాన్ని, మొదటి తారాజువ్వ ఎగిరే సమయాన్ని విడివిడిగా రాసి పంపుదాం.

అన్నిటికంటే నేను ఎక్కువగా ఆలోచించినది కూర్చునే చోటు గురించి. ముందు వరుసలో ఉన్న పసివాడు పైన విచ్చుకున్న వెలుగును చూసి నోరు తెరిచి నవ్వబోతాడు, అంతలోనే మోత వచ్చి గుండెకు తగులుతుంది, వెంటనే తల్లి మెడను రెండు చేతులా చుట్టేసుకుంటాడు. ఇక ఆ కుటుంబానికి వేడుక అక్కడితో సరి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, మెరుపు కనిపించిన రెండు సెకన్లకు మోత వినిపించే చోట, అంటే దాదాపు 700 మీటర్ల దూరంలో కూర్చుంటే, వెలుగులు చక్కగా కనిపిస్తాయి, శబ్దమూ బాగా తగ్గుతుంది. ఆకస్మిక శబ్దం పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెళ్ళు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో సూచించింది. చంటిపిల్లలకు చెవిలో పెట్టే బిరడాల కంటే చెవులను పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లే మేలు, ఎందుకంటే ఊడిన బిరడాను నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. ఉబ్బసం ఉన్నవారిని గాలి ఏ వైపు నుంచి వీస్తోందో ఆ వైపే కూర్చోబెట్టాలి. అప్పుడు పొగ వారి మీదకు రాదు.

మనమే బాణసంచా కాలుద్దామన్న సూచన ఆప్యాయతతో వచ్చినదే అయినా, దానిని ఈసారికి పక్కన పెట్టమని కోరుతున్నాను. అనుమతులు, బీమా, శిక్షణ పొందిన మనుషులు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు. కాకరపువ్వొత్తులు కూడా చిన్నవేమీ కావు. వాటి వేడి 1000 డిగ్రీల సెల్సియస్ కూడా దాటవచ్చు.

ఇక పనుల విషయం. నిర్వాహకులకు ఫోను చేయడానికి ఇద్దరు, పగటిపూట మైదానానికి వెళ్ళి చక్రాల కుర్చీకి దారి, మరుగుదొడ్లు, బయటికి వెళ్ళే మార్గాలు చూసి రావడానికి ఇద్దరు కావాలి. వీరు కాక, ఒక్కో కొత్త కుటుంబానికి తోడుగా ఒక పాత కుటుంబం ఉండి, ఇంటి నుంచి బయలుదేరినప్పటి నుంచి తిరిగి చేరేవరకు వెంట ఉండాలి. ఆఖరి బస్సు ఎన్నింటికో, ఎవరి కారులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో, పిల్లల సీటు ఉందో లేదో, ఈ పనుల్లో మీరు ఏది తీసుకోగలరో ఈ వారాంతంలోగా ఇక్కడే రాయండి. ప్రదర్శన తేదీ ఖాయమైన మరుక్షణం ఏ కుటుంబానికి ఎవరు తోడో నిర్ణయించి, ఆ కుటుంబాలకు మనమే స్వయంగా ఫోను చేసి పిలుద్దాం.