‘… బూటు విప్పుట’: ముందున్న మాట ఏమిటి?

గళ్ళపలక: గో (గళ్ళ పలక మీద నల్ల, తెల్ల రాళ్ళు పెట్టి ఆడే ఆట) సమస్యలు కొన్ని తెలుగులో రాసిన కాగితాలు చాలా కాలం కిందట మన గుంపులో తిరిగాయి. ఒకదాని కింద ఒక ఎత్తు చైనా పేరుకు తెలుగు ఇలా ఉండేది: ‘… బూటు విప్పుట’. ముందు మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ‘వెనక్కి’నా, ‘తిరగేసి’నా, ‘ఎదురు’నా? మూడక్షరాలని మాత్రం గట్టిగా గుర్తు. జపాన్‌వాళ్ళు ‘ఇషి నో షితా’ అనేది ఇదే. మన రాళ్ళు అవతలివాడికి అప్పగించి, వాడు తీసేశాక ఖాళీ అయిన చోటే మళ్ళీ రాయి పెట్టి వాడి రాళ్ళని తెంచేది. ఎత్తు తెలుసు, మాటే కావాలి.

నిఘంటుపిచ్చి: ముందు మాట సంగతి తర్వాత చూద్దాం. అసలు ‘విప్పుట’ దగ్గరే తేడా ఉంది. ఎవరి బూటు వాళ్ళు తీస్తే ‘విప్పుకొనుట’ అవుతుంది. ఆ ‘కొ’ ఎక్కడ పోయింది?

బందరు మాస్టారు: ‘కొను’ ఎలా వస్తుందండీ? పోయినవి మన రాళ్ళు, పలక మీంచి తీసింది అవతలివాడు. మన కాలికున్న బూటు వాడి చేత ఊడదీయిస్తున్నాం. ‘విప్పించుట’. ప్రేరణార్థకం తప్ప ఇంకోటి కుదరదు.

నిఘంటుపిచ్చి: మాస్టారూ, వాడు తీసింది మన కోరిక మీద కాదు. వాడి ఆశ కొద్దీ తీశాడు. నాలుగైదు రాళ్ళు ఒక్కసారే దొరికాయని సంబరపడి తీశాడు. ఆశపడ్డవాడికి ‘ఇంచు’ పెడితే వాడి తెలివితక్కువతనం మన ఖాతాలో పడుతుంది.

బందరు మాస్టారు: ఆ ఆశ పుట్టించింది ఎవరు మరి?

షాంఘై చింతకాయ: చైనా పేరు ‘దావ్ త్వో శ్వే’. త్వో అంటే విప్పడం, శ్వే అంటే పొడుగు బూటు. వీటితో పేచీ లేదు, పేచీ అంతా ‘దావ్’తోనే. రాసే గుర్తు ఒకటే, పలకడం రెండు రకాలు. మూడో స్వరంలో, అంటే గొంతు కిందికి దిగి మళ్ళీ లేచేలా పలికితే పడిపోవడం, కూలిపోవడం. నాలుగో స్వరంలో, పైనుంచి టక్కున దించితే తలకిందులు, వెనకనించి ముందుకు. ఇక్కడ నాలుగోదే. కాబట్టి గళ్ళపలక గారూ, ‘తిరగేసి’ అని రాసుకోండి.

నిఘంటుపిచ్చి: ‘తిరగేసి’ నాలుగక్షరాలు. ఆయన మూడు అన్నారు. పైగా తిరగేస్తే వస్తువు బోర్లా పడాలి, దోసె తిరగేసినట్టు. ఇక్కడ బూటు బోర్లా పడలేదు, పని జరిగే వరస తిరగబడింది. ముందు పోగొట్టుకుని తర్వాత గెలవడం. దానికి మనకు శుభ్రమైన మాట ఉంది: ‘ఎదురు’. ఎదురు కట్నం, ఎదురీత. లెక్కా సరిపోయింది.

షాంఘై చింతకాయ: ‘వెనక్కి’ కూడా మూడే.

నిఘంటుపిచ్చి: వెనక్కి విప్పడమంటే ఏమిటి, మడమవైపు నించా? అందరూ అలాగే విప్పుతారు.

ఓరుగల్లు పిల్ల: కొరియాలో దీన్ని ‘హుజొల్సు’ అంటారు. హు తర్వాత, జొల్ తెంచడం, సు ఎత్తు. తర్వాత తెంచే ఎత్తు. బూట్లూ లేవు, వెనకాముందూ లేదు. నాకు నచ్చిందేమిటంటే, ఒకే కిటుకుకి చైనావాళ్ళు పని పేరు పెట్టారు, జపాన్‌వాళ్ళు చోటు పేరు పెట్టారు (‘రాళ్ళ కింద’), కొరియావాళ్ళు సమయం పేరు పెట్టారు. ఆడేవాడికి పనికొచ్చేది కొరియా పేరే. ఈ కిటుకు దొరకనిది రాళ్ళు పోయే చోట ఆలోచన ఆగిపోతుంది కాబట్టే. రాళ్ళు తీసేశాక పలక ఎలా ఉంటుందో మనసులో చూడాలి. ‘తర్వాత’ అన్న మాట వినగానే అక్కడ ఆగకుండా ముందుకెళ్తాం.

సాలూరు కొండగాలి: పిల్లా, బాగా చెప్పావు గానీ ‘సు’ని ఎత్తు అనేశావు. ‘సు’ అంటే చెయ్యి. జపనీస్‌లో ‘తె’ కూడా చెయ్యే. ‘తెసుజి’ (నేర్పైన ఎత్తు)లో ఉన్న ‘తె’ అదే. నేను ఎప్పట్నించో చెబుతున్నా, దీనికి తెలుగులో ‘హస్తవాసి’ వాడాలి. కొందరికి పడుతుంది, కొందరికి పడదు.

బందరు మాస్టారు: హస్తవాసి డాక్టరుకి.

సాలూరు కొండగాలి: డాక్టరే కదా మరి! 1846లో జపాన్‌లో పదిహేడేళ్ళ ఆటగాడు షూసాకు, గెన్నాన్ ఇన్సెకి అనే పెద్ద ఆటగాడితో ఆడుతుంటే, 127వ రాయి పడగానే గెన్నాన్ చెవులు ఎర్రబడ్డాయని కనిపెట్టింది ఒక డాక్టరే. ఆటని చూడలేదాయన, మనిషిని చూశాడు. ‘చెవులు ఎర్రబరచిన చెయ్యి’ అని దానికి పేరే పడిపోయింది.

నిఘంటుపిచ్చి: ‘ఎర్రబడిన’ అనాలా, ‘ఎర్రబరచిన’ అనాలా?

సాలూరు కొండగాలి: మళ్ళీ మొదలెట్టకు తమ్ముడూ.

పాతకాపు: ‘ఎత్తు’ మీద నాకు వేరే అభ్యంతరం. చదరంగంలో కాయని ఎత్తి ఇంకో గడిలో పెడతాం కాబట్టి ఎత్తు. గోలో ఎత్తడమే లేదు. 361 కూడళ్ళలో ఒకచోట రాయి పెడితే చచ్చేదాకా అది అక్కడే. మన పులిజూదంలో కూడా 15 మేకల్నీ ముందు ఒక్కొక్కటే ‘పెడతాం’, ఆ తర్వాతే జరపడం. అందుకని ‘పెట్టు’ అందాం.

ఓరుగల్లు పిల్ల: ‘పెట్టు’ అంటే దెబ్బ కూడా. చెంపపెట్టు, గొడ్డలిపెట్టు. నాకు ఓకే.

షాంఘై చింతకాయ: గొడ్డలి అన్నారు కాబట్టి చెబుతున్నా. గోకి చైనాలో ‘లాన్ కె’ అని ఇంకో పేరుంది, కుళ్ళిన గొడ్డలి కామ. వాంగ్ జ్ఁ అనే కట్టెలవాడు కొండమీద అమరులు ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాడట. ఆట ముగిసేసరికి గొడ్డలి కామ కుళ్ళిపోయింది. ఊళ్ళోకి వెళితే తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

బందరు మాస్టారు: పాతకాపు గారూ, ఇంకే ఎత్తుకైనా మీ అభ్యంతరం ఒప్పుకుంటా, ఈ ఒక్కదానికి ఒప్పుకోను. ఇక్కడ ఎత్తడం ఉంది. అవతలివాడు మన రాళ్ళని పలక మీంచి ఎత్తుతాడు, ఎత్తిన చోటే మనం పెడతాం. ‘ఎత్తుకు పైఎత్తు’ అన్న మాట అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే.

పాతకాపు: అదృష్టం కొద్దీ కుదిరిన శ్లేష మాస్టారూ. శ్లేషలతో పరిభాష కట్టలేం.

బందరు మాస్టారు: కట్టిన పరిభాషల్లో సగం శ్లేషలే. సరే, బూటు దగ్గరికి రండి. బూటు అనగానే చైనా కవి లీ బైని ఎవరూ తలుచుకోకపోవడం ఏమిటి! కొలువులో తప్పతాగి, కాళ్ళు చాపి, చక్రవర్తి ష్వాన్‌జొంగ్‌కి కుడిభుజమైన కావో లీషి చేత బూట్లు విప్పించుకున్నవాడు. ఆ దెబ్బతో కొలువు పోయింది. చూడండి, విప్పిం-చు-కొను. నిఘంటుపిచ్చి గారి ‘కొను’, నా ‘ఇంచు’, రెండూ ఆ కవి కాళ్ళ దగ్గరే కలిశాయి. ఎత్తు పేరు అక్కణ్ణించే వచ్చిందని నా నమ్మకం. బూటు విప్పినవాడు గొప్పవాడే, నష్టపోయిందీ వాడే.

షాంఘై చింతకాయ: నష్టపోయింది లీ బై కదండీ, కొలువు పోయింది ఆయనకే.

బందరు మాస్టారు: వెయ్యేళ్ళు దాటాక ఎవరు మిగిలారు? కావో లీషి పేరు ఇప్పుడు ఆ బూట్ల వల్లే తెలుసు. తర్వాత తెంచడం అంటే అదే.

ఓరుగల్లు పిల్ల: మాస్టారు గెలిచారు 😀

నిఘంటుపిచ్చి: గెలవలేదు. ఆ కథలో ‘దావ్’ ఎక్కడుంది? బూట్లు మామూలుగానే విప్పారు. ఇలాంటివి శ్రీనాథుడి మీద మన దగ్గరా బోలెడు. ప్రతి మంచి చాటువూ ఆయనదే, ప్రతి చిలిపి కథా ఆయనదే. పేరున్న కవి దగ్గరికి కథలు వాటంతటవే నడిచి వెళతాయి.

బందరు మాస్టారు: ఈ కథ తాంగ్ వంశపు చరిత్రలో ఉంది, చాటువు కాదు.

నిఘంటుపిచ్చి: కథ ఉంది. ఎత్తు పేరు ఉందా?

తుంగభద్ర: లీ బై ఒద్దు మాస్టారూ, ఇంకో తాంగ్ కవి దు ఫు ఉండగా. చంగ్‌దూలో గడ్డి ఇల్లు కట్టుకున్నాక, వేసవిలో ముసలి భార్య కాగితం మీద గళ్ళు గీసి ఆటపలక చేస్తుంటే, చిన్న కొడుకు సూదిని వంచి గాలం చేస్తుంటాడు. ఆ ఒక్క జంటపాదం కోసం లీ బై తాగుడంతా ఇచ్చేస్తాను. పలక కొనే స్తోమత లేదు, ఆట మాత్రం ఉంది.

షాంఘై చింతకాయ: అక్కా, ఆ పాదంలో ఆటకున్న మాట ‘చీ’, అది గోనే అని ఎలా? చైనా చదరంగానికీ ‘చీ’యే.

తుంగభద్ర: గళ్ళు గీయడానికి కాగితం, మరి ముక్కలు? గులకరాళ్ళు ఏరుకుంటే చాలు. చదరంగమైతే ప్రతి ముక్క మీదా పేరు రాయాలి. గోనే.

షాంఘై చింతకాయ: ఇది సాక్ష్యం కాదు, ఇష్టం.

తుంగభద్ర: ఇష్టమే. ఏం?

ఓరుగల్లు పిల్ల: నాకు ఒక సిద్ధాంతం తట్టింది. చైనా పేర్లన్నీ కాళ్ళ చుట్టూనే ఉన్నాయి. బూటు విప్పడం ఒకటి. ‘బంగారు కోడి ఒంటికాలి మీద నిలబడడం’ ఇంకోటి, రాయిని అంచుకు దించితే అటూ ఇటూ ఎవరూ దగ్గరికి రాలేని స్థితి. జపాన్‌వాళ్ళు ‘కోతి జారుడు’ అనే అంచు ఎత్తుని చైనావాళ్ళు ‘కాలు చాపడం’ అంటారు. లీ బై కాలు చాపాడన్నారు కదా మాస్టారు!

షాంఘై చింతకాయ: అయితే తల ఉన్నవాటిని ఏం చేస్తారు? జపాన్‌వాళ్ళ ‘గూట్లో కొంగ’ చైనాలో ‘తల బయటపెట్టని తాబేలు’. జపాన్‌వాళ్ళు సమాధిరాయి అనేది చైనాలో ‘పెద్దతల దయ్యం’. రెండు రాళ్ళు బలిచ్చి అవతలివాళ్ళని ముద్దలా పిండేసే ఎత్తు అది. తలా ఉంది, కాలూ ఉంది. మీ సిద్ధాంతం మోకాలి దగ్గర ఆగిపోయింది.

సాలూరు కొండగాలి: మీరంతా కాళ్ళూ తలలూ అంటున్నారు గానీ నా చెయ్యి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 2016 మార్చి 13న సోల్‌లో ఆల్ఫాగో అనే గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం మీద కొరియా ఆటగాడు లీ సెడోల్ పెట్టిన 78వ రాయిని ‘దేవుడి చెయ్యి’ అన్నారు. అయిదు ఆటల్లో అతను గెలిచింది ఆ ఒక్కటే. మనిషి అక్కడ పెట్టే అవకాశం 10,000లో 1 అని ఆ యంత్రమే లెక్కేసింది. అది హస్తవాసి కాకపోతే ఏది?

పాతకాపు: సరైన జవాబు పడి ఉంటే ఆ రాయి నిలిచేది కాదని తర్వాత విడదీసి చూపించారు కదా.

సాలూరు కొండగాలి: హస్తవాసి అంటే అదే బాబూ. మందు సరైనది కాకపోయినా రోగం తగ్గడం.

నిఘంటుపిచ్చి: ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ ‘చెయ్యి’ ఒంటరిగా ఎత్తుకి పనికిరాదు. ‘ఇది నీ చెయ్యి’ అంటే తెలుగువాడు తన చెయ్యి చూసుకుంటాడు.

గళ్ళపలక: అయ్యా, ‘ఎదురు’ అని ఖాయం చేసుకోవచ్చా మరి?

బందరు మాస్టారు: ‘ఎదురు బూటు విప్పించుట’ అయితే చేసుకోండి.

నిఘంటుపిచ్చి: ‘ఎదురు బూటు’ అని సమాసం కట్టారంటే కొంప మునిగిందే. ఎదురుగా ఉన్నవాడి బూటు అని అర్థం వస్తుంది. ‘ఎదురు’ విప్పడానికి అంటాలి, బూటుకి కాదు. ‘బూటు ఎదురు విప్పుకొనుట’.

తుంగభద్ర: బూటు దేనికసలు? చెప్పులు విడుస్తాం. ‘ఎదురు విడుపు’ అంటే రెండు మాటల్లో పోతుంది.

షాంఘై చింతకాయ: శ్వే చెప్పు కాదక్కా, పిక్కల దాకా ఉండే బూటు. ఒకరి సాయం లేకుండా ఊడదు.

బందరు మాస్టారు: ఇదిగో, ‘విప్పించుట’కి సాక్షి ఆయనే!

పాతకాపు: పులిజూదం అన్నాను, ఎవరూ అందుకోలేదు. చుట్టూ మేకలు మూగి పులి కదలలేకపోతే మా వైపు ‘పులి కట్టుబడింది’ అంటాం. చుట్టూ ఖాళీగా ఉన్న ఊపిరి చోట్లన్నీ మూసేస్తే గో రాయి చచ్చేదీ ఇలాగే. వాళ్ళు మూడు భాషల్లోనూ ‘చావడం’ అనే అంటారు గానీ మనకు ‘కట్టు’ ఉంది. మీ ఊళ్ళలో ఏమంటారు?

ఓరుగల్లు పిల్ల: మా దిక్కు ‘పులిని కట్టేసినం’ అంటరు. ఎవరు కట్టిన్రో చెప్పాలె.

నిఘంటుపిచ్చి: కట్టుబడిందా, కట్టేశారా, కట్టుకుందా?

పాతకాపు: దీని మీద విడిగా ఇంకో చర్చ మొదలుపెడుతున్నా, అందరూ అక్కడికి రండి. ‘కొను’ తెచ్చేవాళ్ళు రావద్దు.