వైజాగ్ నుంచి జర్మనీకి: నెయ్యి, చికెన్ పచ్చడి, ఎండు రొయ్యలు కస్టమ్స్ దాటతాయా?

గాజువాక అమ్మాయి:
అందరికీ నమస్తే. మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్తున్నాను. వైజాగ్ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్. మా అమ్మ అప్పుడే సగం వంటిల్లు సర్దేసింది. పెద్దమ్మ చోడవరం నుంచి పంపిన నెయ్యి, ఆవకాయ, గోంగూర, చికెన్ పచ్చడి, కందిపొడి, తాజా కరివేపాకు, గసగసాలు వేసిన మసాలా పొడి, అరకు తేనె, మాడుగుల హల్వా, హార్బర్ దగ్గర కొన్న ఎండు రొయ్యలు, రెండు కొబ్బరి కుడకలు. రొయ్యలు తీసెయ్యమని నాన్న గొడవ, కుక్కలు వాసన పట్టేస్తాయట. నెయ్యి మాత్రం పెట్టాల్సిందేనని అమ్మ. ఎవరి మాట వినాలి?

ఎంవీపీ కాలనీ అక్క (ఇప్పుడు డార్ట్‌మండ్):
ఇద్దరి మాటా వినకమ్మా. రొయ్యలు వస్తాయి, నెయ్యి రాదు.

వాసనతో కస్టమ్స్ వాళ్ళకి పని లేదు. వాళ్ళ భయమంతా పశువుల రోగాల గురించి. 2025 జనవరిలో బెర్లిన్ పక్కన బ్రాండెన్‌బర్గ్‌లో గేదెలకి గాలికుంటు వచ్చింది. 1988 తర్వాత జర్మనీలో అదే మొదలు. ఇక ఎంత టెన్షన్ పడి ఉంటారో నువ్వే ఊహించుకో. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదన్నది అంతకుముందు నుంచీ ఉన్న రూలే. కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి ఇంట్లోనే వదిలెయ్. సీసా మీద మంచి బ్రాండ్ లేబుల్ ఉన్నా, ఇంట్లో కాచినా ఒకటే లెక్క.

చేపలకి వేరే రూల్. ఎండబెట్టినవైనా, వండినవైనా మనిషికి మొత్తం 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు, రొయ్యలూ అందులోకే వస్తాయి. అంటే చికెన్ పచ్చడి బదులు రొయ్యల పచ్చడి పెట్టించుకో. మన ఊరి వాళ్ళకి అదేమీ నష్టం కాదు! తేనె 2 కిలోల లోపు ఫర్వాలేదు. హల్వాలో నెయ్యి ఉంటుంది కదా అని అడుగుతావేమో. మాంసం లేని స్వీట్లు, బిస్కెట్లు, కేకులకి మినహాయింపు ఉంది. నెయ్యి గిన్నెలో ఉంటే తప్పు, హల్వాలో ఉంటే ఒప్పు. నన్నడిగితే వింత రూలే, కానీ మనకి లాభం.

తాజా కరివేపాకు వద్దు. 2019 డిసెంబర్ నుంచి తాజా ఆకులకీ, కాయగూరలకీ, పండ్లకీ మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాల్సిందే. అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డ్యూరియన్, ఈ ఐదింటికే అక్కర్లేదు. కరివేపాకు పొడి కొట్టించి తెచ్చుకో. కొబ్బరికాయ సరేగానీ కుడకలు వద్దు. ఎండు కొబ్బరి దానంతట అదే వేడెక్కి అంటుకోగలదని విమానయాన నిబంధనల్లో ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు. వాటిని అక్కడ మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపుతారు.

అసలు జాగ్రత్త మసాలా పొడి గురించి. జర్మనీలో గసగసాలు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, కేకుల్లో కూడా వేస్తారు. నువ్వు దిగే దుబాయ్‌లో మాత్రం అవి నిషేధం. బ్యాగ్ నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కే వెళ్తుంది అనకు. కనెక్షన్ మిస్సై బ్యాగ్ చేతికిస్తే ఏం చేస్తావు? గసగసాలు లేకుండా మసాలా మళ్ళీ కొట్టమను అమ్మని.

నెయ్యికి బెంగ పెట్టుకోకు. ఇక్కడ ఉప్పు లేని వెన్న బాగుంటుంది, కొని కాచుకో. కాచే ఓపిక లేకపోతే బుటర్‌ష్మాల్ట్స్ అని డబ్బాల్లో అమ్ముతారు, దాదాపు మన నెయ్యే. కందిపప్పు, బియ్యం అస్సలు మోయకు, ఇండియన్ షాపుల్లో ఉంటాయి. ఆ బరువుకి గోంగూర, పొడులు, వడియాలు పెట్టుకో. మంచి గోంగూర పచ్చడి ఇక్కడ ఏ షాపులోనూ నాకు నచ్చలేదు.

సీతమ్మధార మాస్టారు:
అమ్మాయ్, ఒక్క మాట. హైదరాబాద్ టికెట్ విడిగా కొన్నావా, దుబాయ్ టికెట్‌తో కలిపి కొన్నావా? విడిగా అయితే వైజాగ్ నుంచి ఎక్కేటప్పుడు మామూలుగా 15 కిలోలే ఉచితం. మా అబ్బాయికి అలాంటి ఇబ్బంది వస్తుందని సామాన్లతో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళాం. రాత్రంతా రైలు బోగీలో ఆవకాయ ఘుమఘుమలు. పచ్చడి, తేనె చేతి సంచీలో పెట్టకు, సెక్యూరిటీలో తీయిస్తారు. మూతకి టేప్ చుట్టి, రెండు కవర్లు వేసి, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టు.

మర్రిపాలెం కుర్రాడు:
అక్కా, మరీ భయపెడుతున్నారు. నేను నెయ్యి తెచ్చాను, గ్రీన్ ఛానెల్‌లో (కస్టమ్స్‌కి చూపించాల్సింది ఏమీ లేనివాళ్ళు వెళ్ళే దారి) ఎవరూ ఆపలేదు.

ఎంవీపీ కాలనీ అక్క:
తమ్ముడూ, నిన్ను ఆపకపోవడం నీ అదృష్టం. ఆ రోజు సూట్‌కేసు తెరిచి ఉంటే నెయ్యి చెత్తబుట్టలోకి పోయేది, జరిమానా పడినా పడేది. కొత్తగా దిగిన పిల్లకి ఆ సలహా ఇవ్వకు. అనుమానం ఉన్న వస్తువు ఏదైనా ఉంటే రెడ్ ఛానెల్‌లోకి, అంటే సామాను చూపించేవాళ్ళ దారిలోకి, వెళ్ళి ముందే చూపిస్తే వాళ్ళు మర్యాదగానే మాట్లాడతారు. ఒక్కో ప్యాకెట్ మీద ఏముందో ఇంగ్లీషులో రాసి అంటించుకో, వాళ్ళకి కందిపొడికీ కారప్పొడికీ తేడా ఏం తెలుస్తుంది?

గాజువాక అమ్మాయి:
చాలా థాంక్స్ అక్కా, మాస్టారూ. టికెట్ అంతా ఒకటే. చికెన్ పచ్చడి తమ్ముడు అప్పుడే మొదలెట్టేశాడు. అమ్మ మాత్రం నెయ్యి పార్సిల్‌లో పంపిస్తానంటోంది. కుదురుతుందా?

ఎంవీపీ కాలనీ అక్క:
కుదరదు. పాల పదార్థాల నిషేధం పార్సిల్‌కీ వర్తిస్తుంది. పొడులు, స్వీట్లు పంపమను. ఇంటి నుంచి బహుమతిగా వచ్చే పార్సిల్ విలువ 45 యూరోల లోపు ఉంటేనే సుంకం పడదు, ఫారంలో లోపల ఏమున్నాయో ఒక్కొక్కటీ రాయించు. ఖాళీగా వదిలేస్తే ప్యాకెట్ కోసం నువ్వే కస్టమ్స్ ఆఫీసుకి వెళ్ళాల్సి రావచ్చు.